నరాల నొప్పి: తగ్గేది ఎంత, దక్కేది ఏమిటి

దెబ్బ తగిలిన చోట నొప్పి పుట్టడం శరీరం తనను తాను కాపాడుకునేందుకు చేసుకున్న ఏర్పాటు. చర్మానికో కండరానికో కీలుకో గాయమైనప్పుడు ఆ వార్తను వెన్నుపాము మీదుగా మెదడుకు చేర్చడం నరాల పని; గాయం మానిన కొద్దీ వార్త సన్నగిల్లుతుంది, నొప్పీ తగ్గుతుంది. వార్త మోసే నరమే దెబ్బతిన్నప్పుడు మాత్రం ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. అరికాలిలో ముల్లు లేదు, పుండు లేదు, వాపు లేదు. అయినా అక్కడ ఏదో జరుగుతున్నదని నరం మెదడుకు చెబుతూనే ఉంటుంది, మెదడు దాన్ని నమ్ముతూనే ఉంటుంది. స్పర్శ, వేడి, చలి, నొప్పి వంటి అనుభూతులను గ్రహించే నాడీవ్యవస్థకు కలిగిన గాయం వల్లనో వ్యాధి వల్లనో పుట్టే నొప్పిని వైద్యగ్రంథాలు న్యూరోపతిక్ పెయిన్ అంటాయి. ఈ అధ్యాయంలో నరాల నొప్పి అన్న మాటకు అర్థం అదే.

ఈ బాధను రోగులు వర్ణించే తీరులోనే దాని జాడ దొరుకుతుంది. అరికాళ్లలో నిప్పులు పోసినట్టు మంట, చీమలు పాకినట్టు జిలజిల, సూదులతో పొడిచినట్టు పోట్లు, కరెంటు కొట్టినట్టు జివ్వుమని లాగడం, అన్నిటికన్నా వింతగా ఒకే పాదం మొద్దుబారి ఉంటూనే మండడం ఇందులో కనిపిస్తాయి. ఫ్రాన్సులో రూపొంది 2005లో వెలువడిన డీఎన్4 అనే ప్రశ్నావళి ఈ వర్ణనలనే ఆధారం చేసుకుంది. అందులో పది అంశాలుంటాయి. ఏడింటిని రోగిని అడిగి తెలుసుకుంటారు, మూడింటిని చర్మాన్ని తాకి, గుచ్చి పరీక్షిస్తారు. పదింటిలో నాలుగు గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ నొప్పి నరాల నుంచి వస్తున్నదని గట్టిగా అనుమానించవచ్చు. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేని పరీక్ష ఇది. రోగి తన బాధను ఏ మాటల్లో చెబుతున్నాడో ఓపికగా వినడమే ఇందులోని సాధనం, రద్దీగా ఉండే ఓపీ గదిలో కరువైనదీ అదే.

కారణాలలో మన దేశంలో ముందు వరుసలో నిలిచేది మధుమేహం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం, భారతదేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో ఉన్నారని అంచనా వేసింది. మధుమేహుల్లో దాదాపు సగం మందికి జీవితంలో ఏదో ఒక దశలో నరాలు కొంతైనా దెబ్బతింటాయి. వారిలో అందరికీ నొప్పి ఉండదు గాని, ఉన్నవారి సంఖ్య తక్కువేమీ కాదు. శరీరంలో అతి పొడవైన నరాలు వెన్ను నుంచి కాలి వేళ్ల దాకా సాగేవి కనుక చక్కెర దెబ్బ మొదట వాటి కొసలకే తగులుతుంది. అందుకే మంట రెండు పాదాల్లోనూ ఒకేసారి మొదలై, మేజోడు తొడిగినంత మేర మెల్లగా పైకి పాకుతుంది. సర్పి మానిన తరువాత నడుము చుట్టూ మిగిలిపోయే మంట, వెన్నుపూసల మధ్య నరం నొక్కుకుపోయినప్పుడు తుంటి నుంచి మడమ దాకా లాగే సయాటికా, క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ తరువాతి తిమ్మిర్లు, కుష్ఠువ్యాధి వల్ల దెబ్బతిన్న నరాల నొప్పి, పక్షవాతం వచ్చిన వైపు నెలల తరువాత మొదలయ్యే సలుపు, ఏళ్ల తరబడి సారా తాగినందువల్ల వచ్చే కాళ్ల మంటలు కూడా ఈ కోవలోనివే.

మామూలు నొప్పి గోళీ ఎందుకు పనిచేయదు

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు గాయమైన కణజాలంలో తయారయ్యే వాపు రసాయనాలను అడ్డుకుంటాయి. నరాల నొప్పికి మూలం ఆ రసాయనాలు కావు. దెబ్బతిన్న నరపు తంతువులలో విద్యుత్ సంకేతాలను పుట్టించే సోడియం ద్వారాలు అవసరానికి మించి పేరుకుపోయి, ఎవరూ తాకకుండానే సంకేతాలు వాటంతటవే బయలుదేరుతాయి. ఆ తాకిడి నెలల తరబడి సాగితే వెన్నుపాములోని కణాలు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. ఈ స్థితిని సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో జంతువులపై చేసిన ప్రయోగాలతో దీన్ని నిరూపించాడు. ఈ దశకు చేరిన వారికి పాదం మీద దుప్పటి పడినా, ఫ్యాను గాలి తగిలినా నొప్పే. నొప్పి పుట్టించకూడని స్పర్శ నొప్పి పుట్టించడాన్ని అలోడీనియా అంటారు. దుప్పటి తగిలితే నొప్పి అని చెప్పిన మనిషిని ఇంట్లో వాళ్లు సుకుమారం అని ఎగతాళి చేయడం మామూలే గాని, అది వెన్నుపాములో కొలవదగిన మార్పు.

మంట అన్న అనుభూతికి కూడా భౌతికమైన ఆధారం ఉంది. మిరపకాయలోని ఘాటు పదార్థమైన క్యాప్సైసిన్, నరాల కొసల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించేదీ అదే గ్రాహకం. కనుకనే గుంటూరు మిరప నాలుక మీద కాలినట్టు అనిపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. విచిత్రం ఏమిటంటే, అదే క్యాప్సైసిన్‌ను పూత మందుగా పదే పదే రాస్తే ఆ నరాల కొసలు క్రమంగా స్పందన కోల్పోయి మంట తగ్గుతుంది. అయితే వంటింటి కారాన్ని కాలికి పూసుకోవడం వైద్యం కాదు, చర్మాన్ని కాల్చుకోవడమే.

నరాల నొప్పికి మామూలు గోళీలు వాడటం వల్ల మేలు లేకపోవడం ఒక ఎత్తు, కీడు మరో ఎత్తు. ఈ నొప్పి ఉన్నవారిలో చాలామంది మధుమేహులు, వయసు పైబడినవారు. వారి మూత్రపిండాలు అప్పటికే ఒత్తిడిలో ఉంటాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజెక్షన్లు, మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే డైక్లో మాత్రలు నెలల తరబడి వాడితే మంట అలాగే ఉండి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గలేదు కదా అని రోజుకు ఒకటి వేసుకునే చోట మూడు వేసుకోవడం ఇంకా పెద్ద పొరపాటు.

పరీక్షల విషయంలోనూ ఒక అపార్థం తొలగాలి. నరాల వేగాన్ని కొలిచే నెర్వ్ కండక్షన్ పరీక్ష, స్పర్శను, కండరాల కదలికను నడిపే లావు తంతువులను మాత్రమే పరిశీలించగలదు. మంటను, వేడిని మోసుకెళ్లే సన్నని తంతువులు ఆ పరీక్షకు అందవు. అందువల్ల కాళ్లు మండిపోతున్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు. రిపోర్టు బాగుంది కాబట్టి నొప్పి మనసులోనిదే అని తేల్చేయడం పరీక్షకు లేని శక్తిని దానికి అంటగట్టడమే.

ఈ నొప్పి తీసుకుపోయేది ఏమిటి

నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెలతో చెప్పమని ఆస్పత్రుల్లో అడుగుతారు. అది అవసరమే, కానీ ఏడు అన్న అంకె ఆ మనిషి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడో, పనికి వెళ్లాడో లేదో చెప్పదు. అమెరికాలో చార్లెస్ క్లీలండ్ బృందం తయారుచేసిన బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళి ఈ లోటును పూడ్చింది. అది నొప్పి తీవ్రతతో ఆగకుండా, రోజువారీ పనులు, మనసు స్థితి, నడక, ఉద్యోగమో ఇంటి పనో ఏదైతే అది, ఇతరులతో సంబంధాలు, నిద్ర, బతుకులోని సంతోషం అనే ఏడింటిని నొప్పి ఎంతవరకు అడ్డుకుంటున్నదో విడివిడిగా అడుగుతుంది. జీవన నాణ్యత అని పుస్తకాలు పేర్కొనేది స్థూలంగా ఈ ఏడింటి మొత్తమే. నరాల నొప్పి ఉన్నవారి జీవన నాణ్యత, అంతే తీవ్రత గల ఇతర నొప్పులు ఉన్నవారికన్నా తక్కువగా ఉంటున్నదని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి.

ఈ ఏడింటిలో ముందుగా దెబ్బతినేది సాధారణంగా నిద్ర. పగలు పనిలో, మాటల్లో మరుపున పడే మంట రాత్రి పక్క మీద వాలగానే విజృంభిస్తుంది. అరికాళ్లను చల్లని గచ్చుకు ఆనించి కూర్చోవడం, తడిగుడ్డ చుట్టుకోవడం, అర్ధరాత్రి వాకిట్లో పచార్లు చేయడం ఈ రోగుల ఇళ్లలో నిత్యకృత్యం. నిద్ర లేని రాత్రి మరునాటి నొప్పిని పెంచుతుంది, పెరిగిన నొప్పి మరునాటి నిద్రను చెడగొడుతుంది. దిగులు, ఆందోళన కూడా ఈ వలయంలోనే చేరతాయి. మనసు కుంగినందువల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల మనసు కుంగిందా అన్న వాదన చాలా సందర్భాలలో వృథా. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి కాబట్టి దేన్ని తగ్గించినా రెండోది కొంత తగ్గుతుంది.

పని మీద పడే దెబ్బ వృత్తిని బట్టి మారుతుంది. వరి మడిలో బురదలో దిగి నాటు వేసే కూలీకి పాదాల స్పర్శ తెలియకపోవడం ఉపాధికే ముప్పు. మిషను తొక్కే దర్జీకి, రోజంతా నిలబడి అమ్మే దుకాణం గుమస్తాకు, లారీ డ్రైవరుకు మంట, తిమ్మిరి వేర్వేరు రీతుల్లో అడ్డుపడతాయి. ఇంటి పని చేసే స్త్రీ సంగతి అన్నిటికన్నా వెనక్కు నెట్టబడుతుంది, ఎందుకంటే ఆమె సెలవు పెట్టవలసిన కార్యాలయం లేదు, పని ఆగినట్టు నమోదయ్యే రిజిస్టరూ లేదు. పొయ్యి దగ్గర గంటల తరబడి నిలబడే పని ఆమె మానదు. మానేది పేరంటాలకు, పెళ్లిళ్లకు వెళ్లడం, గుడికి నడవడం, పక్కింటి వారితో కూర్చోవడం. బయటివారికి కనిపించే పని సాగుతూనే ఉండటం వల్ల, ఆమె కోల్పోయినదేమిటో ఎవరూ లెక్క కట్టరు. పుండు గాని కట్టు గాని కనిపించని నొప్పి కాబట్టి మొదట సానుభూతి చూపిన వారే కొన్నాళ్లకు విసుక్కోవడం, దాంతో రోగి చెప్పడమే మానేయడం తరచుగా జరిగేదే. చెప్పడం మానేసిన రోగికి వైద్యం కూడా అక్కడే ఆగిపోతుంది.

మందుల నుంచి ఏమి ఆశించాలి

వైద్యం మొదలుపెట్టే ముందు రోగి, వైద్యుడు కలిసి తేల్చుకోవలసిన విషయం ఒకటుంది, అది లక్ష్యం. నరాల నొప్పి పూర్తిగా మాయం కావడం కొందరిలోనే జరుగుతుంది. నొప్పి 30 శాతం తగ్గితే రోగికి తెలిసేంత మేలు, 50 శాతం తగ్గితే గణనీయమైన మేలు అని పరిశోధకులు స్థిరపరచుకున్నారు. ఎనిమిది నుంచి నాలుగుకు దిగడం కాగితం మీద సగమే గాని, రాత్రికి మూడు గంటలు పట్టే నిద్ర ఆరు గంటలకు పెరగడానికి, బజారుకు నడిచి వెళ్లి రావడానికి అది చాలవచ్చు. సున్నా కోసం ఎదురుచూసే రోగి, మంచి ఫలితం ఇస్తున్న మందును పనిచేయడం లేదని వదిలేస్తాడు; మందు మోతాదును సున్నా కోసం పెంచుతూ పోయే వైద్యుడు రోగిని మత్తులోకి నెడతాడు. ఈ రెండు నష్టాలకూ మూలం మొదట్లోనే లక్ష్యం గురించి మాట్లాడుకోకపోవడమే.

మందుల శక్తిని కొలవడానికి వైద్యులు వాడే లెక్క ఒకటి సామాన్య పాఠకుడికి కూడా ఉపయోగపడుతుంది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గుతుంది కనుక, దానికి మించి ఒక్క మనిషికి సగం నొప్పి తగ్గాలంటే ఎంతమందికి మందు ఇవ్వాలో లెక్క వేస్తారు. 2015లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వెలువడిన సమగ్ర విశ్లేషణ ప్రకారం, అమిట్రిప్టిలిన్ వంటి పాతతరం మందులకు ఆ సంఖ్య 3.6, డ్యూలోక్సెటిన్ తరగతికి 6.4, గాబాపెంటిన్‌కు 7.2, ప్రిగాబాలిన్‌కు 7.7. అంటే ఉన్నవాటిలో మంచి మందు కూడా వాడిన ప్రతివారికీ పనిచేయదు. మొదటి మందు ఫలించకపోతే అది రోగి దురదృష్టమూ కాదు, వైద్యుడి అసమర్థతా కాదు. ఈ వైద్యంలో అది ముందే ఊహించవలసిన సంగతి. బ్రిటన్‌లో జరిగి 2022లో వెలువడిన ఆప్షన్-డీఎం అధ్యయనం 130 మంది మధుమేహ రోగులలో అమిట్రిప్టిలిన్, డ్యూలోక్సెటిన్, ప్రిగాబాలిన్ మూడింటితోనూ వేర్వేరుగా చికిత్స మొదలుపెట్టి, ఒక్కటి చాలని వారికి రెండోదాన్ని జోడించి చూసింది. దేనితో మొదలుపెట్టినా సగటు నొప్పి 6.6 నుంచి సుమారు 3.3కు తగ్గింది. కాబట్టి ఏ మందుతో మొదలుపెట్టాలన్నది ఆ రోగికున్న ఇతర జబ్బులను, మందు ధరను, పక్క ప్రభావాలను బట్టి నిర్ణయించుకోవచ్చు. ఖరీదైనదే గొప్పదన్న భ్రమ అక్కర్లేదు.

అమిట్రిప్టిలిన్, డ్యూలోక్సెటిన్ మాత్రల డబ్బా మీద, ఇంటర్నెట్‌లో అవి కుంగుబాటుకు మందులని చదివి, తనను పిచ్చివాడిగా లెక్కకట్టారని నొచ్చుకుని మానేసే వారు ఉన్నారు. అసలు సంగతి వేరు. మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే కొన్ని నరాలు కింది నుంచి వచ్చే నొప్పి సంకేతాలను అణచిపెడతాయి. అవి వాడే రసాయనాలు నార్‌అడ్రినలిన్, సెరటోనిన్. ఈ మందులు ఆ రసాయనాలను ఎక్కువసేపు నిలబెట్టి, శరీరానికి సహజంగా ఉన్న ఆ అణచివేతకు బలమిస్తాయి. అమిట్రిప్టిలిన్‌ను రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడం పరిపాటి, ఇది కుంగుబాటుకు ఇచ్చే మోతాదు కన్నా చాలా తక్కువ. నిద్ర రావడం దాని పక్క ప్రభావమే అయినా రాత్రి మంటతో నిద్ర లేనివారికి అదే వరమవుతుంది. నోరు ఎండడం, మలబద్ధకం ఉంటాయి. ప్రోస్టేట్ వాపు, కొన్ని రకాల గ్లకోమా, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారికి, పెద్ద వయసువారికి ఇది సరిపడకపోవచ్చు. డ్యూలోక్సెటిన్ మొదటి వారాల్లో వికారం కలిగిస్తుంది, కాలేయ జబ్బు ఉన్నవారికి తగదు. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ మూర్ఛవ్యాధి మందులుగా వచ్చి నొప్పికి స్థిరపడినవి. కళ్లు తిరగడం, తూగు, కాళ్ల వాపు, బరువు పెరగడం వీటితో ఉంటాయి. ఇవి మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి కనుక క్రియాటినిన్ పెరిగినవారికి మోతాదు తగ్గించి తీరాలి, మద్యంతో గాని ఇతర మత్తు మందులతో గాని కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

అన్నిటికీ వర్తించే సూత్రం, తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం. తగిన మోతాదుకు చేరాక నాలుగైదు వారాలైనా చూడనిదే మందు పనిచేయలేదని తేల్చకూడదు. మూడు రోజులు వాడి మానేసినవారికి పక్క ప్రభావం తెలుస్తుంది గాని ఫలితం తెలియదు. ఒక్కసారిగా ఆపడమూ మంచిది కాదు. నెలల తరబడి వాడిన ఈ మందులను మెట్టుమెట్టుగా తగ్గించాలి. ట్రమడాల్, మార్ఫిన్ వంటి నల్లమందు తరహా మందులు మొదటి వరుసలోకి రావు. 2018 నుంచి ట్రమడాల్‌ను కూడా మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. క్యాన్సర్ వంటి సందర్భాలలో వాటి స్థానం వాటికి ఉంది, కాళ్ల మంటకు దుకాణంలో అడిగి కొనుక్కునేవి మాత్రం కావు.

మన మందుల దుకాణాల్లో అతిగా అమ్ముడయ్యే వాటిలో ప్రిగాబాలిన్‌ను మిథైల్‌కోబాలమిన్ అనే బీ12 విటమిన్‌తో కలిపిన మాత్రలు ఉంటాయి. బీ12 నిజంగా లోపించిన వారికి ఆ విటమిన్ ఇచ్చి తీరాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో, పూర్తి శాకాహారుల్లో ఆ లోపం తరచుగా కనిపిస్తుంది కాబట్టి రక్తపరీక్ష చేయించడం వివేకం. లోపం లేనివారికి అది నొప్పి మందు కాదు. పైగా ఒకే మాత్రలో రెండూ ఉంటే ప్రిగాబాలిన్ మోతాదును వేరుగా సర్దే వీలు పోతుంది. నరాలకు బలం అంటూ వారం వారం పొడిపించుకునే బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ల సంగతి కూడా ఇంతే. బలహీనత వల్ల కాక, దెబ్బతిన్న తంతువులు అతిగా స్పందించడం వల్ల పుట్టే మంటకు బలం పనిచేయదు. బీ6 విటమిన్‌ను ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం తీసుకుంటే అదే నరాలను దెబ్బతీస్తుందన్న సంగతి ఈ మాత్రలు కొనేవారిలో చాలామందికి తెలియదు.

రెండు ప్రత్యేక సందర్భాలను ఇక్కడే ప్రస్తావించాలి. ముఖంలో ఒక పక్క, పళ్లు తోముకునేటప్పుడో గడ్డం గీసుకునేటప్పుడో ముద్ద నమిలేటప్పుడో మెరుపులా వచ్చి పోయే పోటును ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. దానికి పైన చెప్పిన మందులు కాక, 1960ల నుంచి వాడుకలో ఉన్న కార్బమజెపిన్ బాగా పనిచేస్తుంది. దంతాల నొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకున్నాక ఈ జబ్బు బయటపడటం అరుదు కాదు. కార్బమజెపిన్ మొదలుపెట్టిన వారాల్లో ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి. రెండోది సర్పి: శరీరానికి ఒక పక్క పట్టీలా నీటి పొక్కులు లేచిన 72 గంటల లోపు వైరస్ మందు మొదలుపెడితే పొక్కులు, ఆనాటి నొప్పి త్వరగా తగ్గుతాయి. మంత్రాలకు, పసరు పూతలకు ఆ మూడు రోజులు ఖర్చయిపోవడం వల్ల కలిగే నష్టం పెద్దది. 50 ఏళ్లు దాటినవారికి సర్పి టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతున్నది. ధర ఎక్కువే అయినా, మధుమేహం ఉన్న పెద్దవారు వైద్యునితో దీని గురించి మాట్లాడటం మంచిది.

ఇంట్లో చేయగలిగినవి, చేయకూడనివి

చక్కెరను అదుపులో ఉంచడం నరాల నష్టం ముందుకు సాగకుండా ఆపడానికి ముఖ్యం. అయితే ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న చక్కెరను ఒకట్రెండు నెలల్లో బలవంతంగా కిందికి దించినప్పుడు కొందరిలో కాళ్ల మంట తాత్కాలికంగా పెరుగుతుంది. మందు వల్లనే మంట వచ్చిందని ఇన్సులిన్ మానేయడం కన్నా, తగ్గింపు వేగాన్ని గురించి వైద్యునితో మాట్లాడటం సరైన మార్గం.

మొద్దుబారిన పాదానికి వేడినీళ్ల కాపడం పెట్టడం మన ఇళ్లలో అతి సాధారణం, అతి ప్రమాదకరం కూడా. వేడి తెలియని పాదం కాలిపోతుంది, కాలిన సంగతి మరునాడు బొబ్బ చూశాకే తెలుస్తుంది. నీళ్ల వేడిని మోచేత్తో చూడాలి, వీలైతే ఇంట్లో మరొకరు చూడాలి. చెప్పులు లేకుండా నడవకూడదన్న సలహా గుడి ముందు వచ్చేసరికి వీగిపోతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బండల మీద ప్రదక్షిణలు చేసి పాదాలు కాల్చుకున్న మధుమేహులు ప్రతి వేసవిలో ఆస్పత్రులకు వస్తారు. తెల్లవారుజామునో పొద్దుగూకాకో దర్శనానికి వెళ్లడం, ఎండ వేళ ప్రదక్షిణ మానడం భక్తికి తక్కువ కాదు. రోజూ రాత్రి అరికాలిని అద్దంలో చూసుకోవడం, మెత్తని ఎంసీఆర్ అట్ట ఉన్న చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవడం, ఆనెలను బ్లేడుతో కోసుకోకపోవడం చిన్న పనులే గాని కాలును కాపాడేవి ఇవే.

కదలికను గురించి రోగులు రెండు కొసలకు పోతుంటారు. నొప్పి తక్కువగా ఉన్న రోజున పేరుకుపోయిన పనులన్నీ చేసేసి, మరో రెండు రోజులు మంచం పట్టడం ఒక కొస. నొప్పి పెరుగుతుందన్న భయంతో కదలడమే మానేయడం మరో కొస. నొప్పి ఎంత ఉన్నదన్నదాన్ని బట్టి కాక, ముందే పెట్టుకున్న సమయాన్ని బట్టి పని చేసి ఆపడాన్ని పేసింగ్ అంటారు. పది నిమిషాలు నడవగలిగిన వారు బాగున్న రోజున కూడా పది నిమిషాలకే ఆగి, వారం తరువాత పన్నెండుకు పెంచుకోవాలి. మామూలు వైద్యసలహాలో కనిపించే వారానికి 150 నిమిషాల నడకకు అలా చేరుకోవడానికి నెలలు పట్టవచ్చు, పట్టినా నష్టం లేదు. పాదాల్లో పుండు ఉన్నవారు నడకకు బదులు కూర్చుని చేసే వ్యాయామాలు ఎంచుకోవాలి.

ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్సను కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. అది నొప్పి అంకెను తగ్గించేది కొంతే అయినా, ఈ మంట ఎప్పటికీ పోదు, నేను ఎందుకూ పనికిరాను అన్న ఆలోచనల పట్టు సడలించి, నొప్పితోనే పనిలోకి దిగే ధైర్యం ఇస్తుంది. మెదడుకు నొప్పి మీద ఉన్న అధికారానికి మరో రుజువు, చెన్నై నేపథ్యం గల నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో చేసిన అద్దం ప్రయోగం. చెయ్యి తెగిపోయిన మనిషి ఉన్న చేతిని అద్దంలో చూస్తూ కదిలిస్తే, లేని చెయ్యి కదిలినట్టు మెదడుకు తోచి, లేని చేతిలోని తిమ్మిరి నొప్పి కొందరిలో సడలింది. అందరిలోనూ ఇది ఫలించదు, కానీ ఖర్చు అద్దం ధర మాత్రమే.

కొన్ని లక్షణాలకు మాత్రం ఇంటి ఉపాయాలు తగవు. నడుము నొప్పితో పాటు మలమూత్రాల మీద పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలో చెయ్యో రోజుల వ్యవధిలో చచ్చుబడటం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక వైద్యుణ్ణి కలిసే రోజుకు సిద్ధం కావడం రోగి చేతిలో ఉన్న పని. ఓపీలో దొరికే అయిదు నిమిషాల్లో బాధంతా చెప్పబోయి కీలకమైనది మరచిపోవడం కన్నా, రెండు వారాల పాటు రోజుకు ఒక వరుస రాసుకోవడం మేలు: రాత్రి ఎన్ని గంటలు నిద్ర పట్టింది, ఎంతసేపు నడవగలిగారు, ఏ పని మానుకున్నారు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, దానితో తూగు వచ్చిందా. నొప్పి అంకె కూడా రాయవచ్చు, కానీ చివరన. మనవణ్ణి బడి దాకా దిగబెట్టడం, రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోవడం వంటి ఒక్క లక్ష్యాన్ని పైన రాసుకుంటే, మందు ఫలించిందో లేదో తేల్చడానికి రోగికీ వైద్యుడికీ ఒకే గీటురాయి దొరుకుతుంది. అమిట్రిప్టిలిన్ చవకైన మందు, ప్రిగాబాలిన్ జనౌషధి కేంద్రాల్లో తక్కువ ధరకు దొరుకుతుంది. ఖర్చుకు వెరచి వైద్యం ఆపవలసిన జబ్బు కాదిది. తదుపరి సారి వెళ్లేటప్పుడు పాత చీటీలతో పాటు ఆ కాగితాన్ని కూడా తీసుకువెళ్లాలి. దాన్ని చూడకుండానే మందు మార్చబోయే వైద్యుణ్ణి, ముందు చదవమని అడిగే హక్కు రోగికి ఉంది.